సాక్షి ధర్మము

సత్యము పలుకుట ధర్మమని చెప్పని మతము లేదు. కాని సత్యము పలుకుట యనగా నేమియో విచారించినవారు తక్కువ. మనము సత్యమును దలచినప్పుడెల్ల నిద్దఱు మనుష్యులను దలతుము. ఒకడడుగును, ఒకడు చెప్పును. చెప్పువాడు బొంకినచో నడిగినవాడు మోసపోవును. ఆ మోసము నేడో రేపో బయటపడును. బయటపడినప్పుడు బొంకినవానికి సిగ్గో శిక్షయో కలుగును. న్యాయస్థానమునందు సాక్షిని అడ్డుప్రశ్నలడుగుటకు న్యాయవాది యుండును. అంగడిలో తూకమును మరల తూచి చూచువాడుండును. ఇట్లు మన సత్యమునకు బయట కాపలాదారులు పెక్కండ్రు గలరు.

ఈ కాపలాదారులెవ్వరును లేనిచోట సత్యమునకు గతి యేమి? చూచినవాడొక్కడే, చూడబడినది నోరులేని రాయి, తప్పుపట్టగలవాడు నూఱేండ్లకుగాని పుట్టడు. అట్టిచో నొకడు యథార్థము వ్రాయుటకు ఎవరిచేత బద్ధుడు? ఈ ప్రశ్నను వేదాంతగ్రంథముల యాధారమున కాక, ఎండలో నిలిచి సున్నపురాతి పొరలను, అందలి పగడముల శిలాజములను కొలిచి వ్రాసికొను భూగర్భశాస్త్రజ్ఞుని చిన్న పుస్తకము ఆధారముగా విచారింప దలచితిని. ఆ పుస్తకములో దాగియున్న నీతి మన కందఱకును పనికివచ్చునదని నా నమ్మకము.

ఆ పని యెట్టిదో ముందు చెప్పవలసియున్నది. సున్నపురాయి చాలవఱకు ప్రాచీన సముద్రముల యడుగున బేరినది. గుల్లలు, నత్తలు, పగడపు జీవులు మున్నగునవి నీటినుండి సున్నమును గ్రహించి తమ దేహములకు ఇండ్లు కట్టుకొని, చచ్చిన పిమ్మట ఆ యిండ్లను విడిచిపోవును. లక్షల యేండ్లు అవి యొకదానిపై నొకటి పడి గట్టిపడగా రాయి యగును. శాస్త్రజ్ఞుడు వాగుగట్టునో, క్వారీగోడనో యాశ్రయించి అట్టడుగు పొరనుండి మీదికి లెక్క వ్రాయుచు వచ్చును. ప్రతి పొర మందమెంత? ఏ దిక్కునకు ఎంత వాలియున్నది? పైమొగము ఎండవానలకు రంగు మాఱియుండును గనుక క్రొత్తగా పగులగొట్టిన మొగము రంగేమి? భూతద్దములో దాని గింజ యెట్లున్నది? పలుచని హైడ్రోక్లోరికు ఆమ్లము చుక్క వేయగా బుసబుస పొంగినదా, లేక పొడి చేసినగాని పొంగలేదా? మొదటిది సున్నపురాయికి గుఱుతు. రెండవది మెగ్నీషియము కలిసిన డోలమైటునకు గుఱుతు. ఈ పొరకును పై పొరకును నడుమ హద్దు కత్తితో కోసినట్లున్నదా, మెల్లగా కలిసిపోయినదా? ఇవన్నియు వ్రాసి, బొమ్మ గీసి, తీసికొన్న ప్రతి రాతిముక్కకు సంఖ్య వేసి, ఆ ముక్కమీద పైవైపు ఏదియో తెలుపు బాణపుగుఱుతు పెట్టుకొనును.

ఆ బాణపుగుఱుతే ముఖ్యము. పొరనుండి విడదీసిన రాయి చేతిలోనికి వచ్చిన తరువాత తనకు తల యెటో పాద మెటో తరచుగా చెప్పనేరదు. ఒక పగడపు ముద్ద తన వేళ్లూనిన చోటనే మొగము మీదికెత్తి నిలిచియున్నచో, ఆ తావున ఆ కాలమందు పగడములు బ్రదికిన సముద్రముండెననుటకు అది ప్రత్యక్షసాక్షి. అదే ముద్ద తలక్రిందులై, అంచులు అఱిగి, బురదలో పొరలియున్నచో, అలయో ప్రవాహమో దానిని మఱియొక తావునుండి తెచ్చి పడవేసినదని చెప్పవలయును. పగడమొక్కటే, రాయి యొక్కటే, చరిత్రలు మాత్రము వేఱు. ఆ భేదమంతయు పుస్తకములోని యొక పంక్తియందున్నది. ఆ పంక్తిని ఆనాడు వ్రాయనిచో, ముక్క ఊడిన పిమ్మట దానిని వ్రాయగలవాడు లేడు.

ఇట్టి లేఖకునికి మొదటి ధర్మము, చూచినదానిని ఊహించినదానితో కలుపకుండుట. ఇది చెప్పుట తేలిక, చేయుట కష్టము. మన కన్నుల వెనుక మన నమ్మకములు కూర్చుండి చూపును తమకు కావలసిన వైపు త్రిప్పుచుండును. పగడముయొక్క చరిత్రయే దీనికి దృష్టాంతము. సంస్కృతమున ప్రవాళమనగా చిగురు, పగడము నను రెండర్థములు గలవు. ఎఱ్ఱని చిగురువంటిది గనుక ఆ పేరు సహజముగా నున్నది. యూరపుఖండమునందును చిరకాలము పగడము సముద్రపు మొక్కయనియే విద్వాంసుల యభిప్రాయము. 1706లో ఇటలీ దేశీయుడైన మార్సీలి అనునతడు అప్పుడే తీసిన పగడపు కొమ్మను సముద్రపు నీటిలో నుంచి, దానిపై ఎనిమిదేసి తెల్లని రేకులు విచ్చుకొనుట చూచి, పగడమునకు పూవులు కలవని ప్రకటించెను. తరువాత పేసోనెల్ అను ఫ్రెంచి వైద్యుడు అవే రేకులను చూచి, తాకగా ముడుచుకొనుట గమనించి, అవి పూవులు కావు, జీవులని వ్రాసెను. 1727లో ఆ సంగతిని పారిసులోని విద్వత్పరిషత్తుకు నివేదించిన రెయోమూర్, దానిని నమ్మక, వ్రాసినవాడు నవ్వులపాలగునేమోయని యతని పేరైనను చెప్పలేదు. పదునైదేండ్ల తరువాత, మంచినీటి హైడ్రామీద ట్రెంబ్లే చేసిన పరిశోధనలు వెలువడిన పిమ్మట, అదే రెయోమూర్ పేసోనెల్ చెప్పినది నిజమని బహిరంగముగా నొప్పుకొనెను.

ఈ కథలో మార్సీలిని అసత్యవాది యనవచ్చునా? అనరాదు. ఎనిమిది రేకులు విచ్చుకొనెనని యతడు వ్రాసినది నేటికిని నిజమే. ఎఱ్ఱపగడపు జీవికి ఎనిమిది స్పర్శాంగములు గలవు. పూవులని యతడు పెట్టిన పేరు మాత్రమే పోయినది. చూచినదానిని చూచినట్లు వ్రాసినవాని యూహ తప్పిపోయినను వ్రాత నిలుచును. చూచినదానిని ఊహకు సరిపడునట్లు దిద్ది వ్రాసినవాని యూహ ఒకవేళ నిజమైనను, వ్రాత పనికిరాదు. సత్యమనగా తప్పని నిర్ణయము కాదు; తప్పిన నిర్ణయమును దిద్దుకొనుటకు వీలిచ్చు నిజాయితీ.

రెండవ ధర్మము స్థలమును దాచకుండుట, మార్చకుండుట. శిలాజము విలువ దాని యందములో లేదు. అది దొరకిన చోటులో నున్నది. ఏ పొరలో, ఏ గ్రామమున, ఏ గట్టున దొరకెనో తెలియని శిలాజము బల్లమీది యాటవస్తువు. జాన్ వెల్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1963లో ప్రకటించిన పరిశోధన దీనికి చక్కని ఉదాహరణము. పగడము దినమున కొకటి చొప్పున సన్నని పెరుగుదల గీతను వేయునని తలచి, అతడు డెవోనియను కాలపు పగడములపై నొక్కొక్క సంవత్సరమునకు సుమారు 400 గీతలను లెక్కించెను. నేటి సంవత్సరమునకు 365 దినములు. చంద్రునివలన కలుగు పోటుపాటుల రాపిడిచే భూమి తిరుగుట క్రమముగా మందగించుచున్నదని ఖగోళశాస్త్రజ్ఞులు వేఱొక మార్గమున లెక్కగట్టియుండిరి. సుమారు 38 కోట్ల యేండ్ల క్రిందట దినము చిన్నదనియు, సంవత్సరమునకు దినము లెక్కువ యనియు చిన్న పగడము సాక్ష్యమిచ్చెను. కాని ఆ పగడము డెవోనియను పొరలోనిదని యెట్లు తెలిసెను? పొరలను వరుసగా వ్రాసిపెట్టినవారి పుస్తకములవలన తెలిసెను. ఏ పొరదో తెలియని పగడముపై ఎన్ని గీతలు లెక్కించినను, అది మనకు చెప్పునది శూన్యము.

ఈ ధర్మము చెడినప్పుడేమగునో మన దేశమే చూచినది. పంజాబు విశ్వవిద్యాలయమునకు చెందిన యొక ఆచార్యుడు సుమారు పాతికేండ్లు హిమాలయ శిలాజములను గుఱించి లెక్కకు మిక్కిలి వ్యాసములు ప్రకటించెను. 1989లో ఆస్ట్రేలియా దేశపు శాస్త్రజ్ఞుడు జాన్ టాలెంట్, ఆ శిలాజములలో కొన్ని న్యూయార్కు ప్రాంతమునందును మొరాకోయందును దొరకు వానివంటివే యనియు, హిమాలయములలో దొరకెననుట నమ్మదగదనియు 'నేచర్' పత్రికలో బయటపెట్టెను. విశ్వవిద్యాలయము జరిపించిన విచారణయందును దోషము స్థిరపడెను. ఆ వ్యాసములను నమ్మి తమ పేళ్లు చేర్చిన సహరచయితలు, నమ్మి తమ గ్రంథములలో నెక్కించుకొన్న పండితులు, నమ్మి పాఠము చెప్పిన ఉపాధ్యాయులు ఎందఱో! ఆ శిలాజములు నకిలీవి కావు, నిజమైనవే. అవి దొరకిన చోటు మాత్రమే అబద్ధము. కాని శిలాజమునకు చోటే ప్రాణము గనుక, ఆ యొక్క యబద్ధము హిమాలయ భూచరిత్రలో నొక భాగము నంతయు సందేహాస్పద మొనర్చెను. దొంగ ఒక యింటిని దోచును. దొంగసాక్షి నిజము చెప్పిన సాక్షుల పరువును గూడ దోచును.

మూడవ ధర్మము, లేనిదానిని లేదనియు, తెలియనిదానిని తెలియదనియు వ్రాయుట. మన పలనాటి సున్నపురాళ్లలో పగడములు లేవు. ఆ రాళ్లు పేరినప్పటికి లోకమున పగడములే పుట్టలేదు. అంతకంటె ప్రాచీనమైన కడప మండలపు వేంపల్లె సున్నపురాళ్లలో సూక్ష్మజీవులు కట్టిన పొరల గోపురములు కనబడునుగాని, గుల్ల యొక్కటియైన లేదు. ఈ లేమియే ఆ రాళ్ల ప్రాచీనతకు సాక్ష్యము. అయితే 'లేదు' అనుటకును, 'నాకు కనబడలేదు' అనుటకును గొప్ప యంతరము గలదు. గంటసేపు చూచినవాడు 'గంటసేపు చూచితిని, కనబడలేదు' అని వ్రాయవలయును. 'లేదు' అని వ్రాసినచో తాను చూడని భాగమునకు గూడ సాక్ష్యమిచ్చినవాడగును.

తెలియదను మాటకు వెఱవకపోవుట యెంత గొప్ప గుణమో ఫునాఫుటి కథవలన తెలియును. అగ్నిపర్వత ద్వీపములు మెల్లగా క్రుంగుచుండగా వాని యంచుల పగడములు మీదికి పెరుగుటచే వలయాకారపు దీవులు ఏర్పడెనని డార్విన్ 1842లో ప్రతిపాదించెను. ఆ మాట నిజమైనచో అట్టి దీవి క్రింద బహులోతువఱకు పగడపు సున్నమును, దానిక్రింద అగ్నిశిలయు నుండవలయును. లండనులోని రాయల్ సొసైటీవారు 1896 మొదలు 1898 వఱకు పసిఫిక్ మహాసముద్రమునందలి ఫునాఫుటి దీవిలో 1,114 అడుగులు త్రవ్వించిరి. అడుగంటను పగడపు సున్నమే, అగ్నిశిల తగులలేదు. ఇరుపక్షములవారును తామే గెలిచితిమనిరి. కాని త్రవ్విన రాతిని అంగుళమంగుళముగా పరిశీలించి వ్రాసినవారు వివాదము తీఱకున్నను తమ వ్రాతను విడువలేదు. 1952లో ఎనివెటాక్ దీవియందు నాలుగువేల అడుగులు దాటిన తరువాత అగ్నిశిల తగిలి డార్విన్ మాట నిలిచెను. నూటపదేండ్ల వ్యాజ్యమిది. నడుమ నెవరైన తమ పక్షము గెలుచుటకై ఒక్క అడుగు రాతిని తప్పు వ్రాసియుండినచో, తీర్పు నాటికి దస్తావేజు చెడియుండెడిది.

నాలుగవది మిక్కిలి మఱవబడు ధర్మము: సుత్తెను ఎప్పుడు దింపవలయునో తెలియుట. రాతిని చదువుటకు కొంత పగులగొట్టక తప్పదు. కాని పగులగొట్టిన ప్రతి ముక్కయు తరువాతి చదువరికి లేకుండ పోయిన యక్షరము. అందమైన పగడమును చూచి, అది నిలిచిన తీరు వ్రాయకుండనే సంచిలో వేసికొనువాడు శాసనమునుండి తనకు నచ్చిన అక్షరమును చెక్కుకొనిపోవువానివంటివాడు. ముందు వ్రాత, తరువాత సుత్తె. అవసరమునకు మించి సుత్తెయే వద్దు.

ఆంధ్రులకు ఈ మాట క్రొత్తగా చెప్పనక్కఱలేదు. అమరావతీ స్తూపపు శిల్పములు పలనాటి సున్నపురాతిలో చెక్కినవి. పదునెనిమిదవ శతాబ్దాంతమున ఆ దిబ్బను త్రవ్వినప్పుడు కొన్ని ఫలకములు క్రొత్త కట్టడములకు పోయినవి. కొన్ని సున్నపు బట్టీలలో కాలి గోడలకు పూతయైనవి. 1816లో మరల వచ్చిన కర్నలు మెకంజీ తన చిత్రకారులచేత మిగిలినవానిని కొలతలతో వ్రాయించెను. ఆ బొమ్మలలోని ఫలకములు కొన్ని నేడెచ్చటను లేవు. రెండువేల యేండ్ల శిల్పి చేతిపనికి నేడు మిగిలిన సాక్షి యొక కాగితము. ఆ చిత్రకారులు తమకు నచ్చినట్లు ఒక బొమ్మకు చేయి చేర్చియుండినను, ఒక చక్రమును తొలగించియుండినను, మనమెట్లు కనిపెట్టగలము?

శిల్పమునకైన గతియే శిలకును కలుగుచున్నది. తిరుచిరాపల్లి ప్రాంతపు కళ్లకుడి యొద్ద సుమారు పదికోట్ల యేండ్లనాటి పగడపు సున్నపురాయి గలదు. ఆ ప్రాంతపు శిలాజములను 1840 తరువాతి యేండ్లలో కే, కన్లిఫ్ అను ఇద్దఱు సేకరించి సీమకు పంపగా, ఫోర్బ్స్ 1846లో వర్ణించెను. పిదప బ్లాన్‌ఫర్డ్ ఆ పొరలను వరుసగా పరిశీలించి, అందు పగడపుదిబ్బ రాతిని గుర్తించెను. అచ్చటి పగడములను మొరేవియా దేశమున పుట్టి మన దేశపు భూగర్భశాఖలో పనిచేసిన స్టోలిజ్కా 1873లో వర్ణించెను. మఱుసటి యేడే లడఖు కొండలలో, ముప్పదియాఱేండ్ల వయస్సున మరణించెను. ఇరువదవ శతాబ్దమున ఎల్. రామారావుగారు ఆ జిల్లా సున్నపురాళ్లలో శిలీభూతమైన నాచు మొక్కలను కనుగొని, పియాతో కలిసి 1936లో ప్రకటించిరి. రాతిని కట్టినవి పగడములే కావు, సున్నపు నాచులును అందు పాలుగొనెనని క్రమముగా తెలిసినది. మొదటివారి వ్రాత యథార్థమై యుండుటచేతనే రెండవవారు దానిపై నిలిచి మఱికొంత చూడగలిగిరి. ఇప్పుడా కళ్లకుడిలోనే సిమెంటు కర్మాగారము గలదు. 1939లో స్థాపితమైన ఆ కర్మాగారమునకై క్వారీ నడచినకొలది, పొరలు బయటపడుచునే యున్నవి, పోవుచునే యున్నవి. నేడు గోడగా కనబడు పొర కొంతకాలమునకు ఎవరి యింటి గోడయో యగును. పోయిన పొరకు మిగులునది పుస్తకములోని పుట మాత్రమే.

ఇచ్చట నొక ఆక్షేపణ వినవచ్చును. 'ప్రజలు ఇల్లు లేక కూడు లేక యలమటించుచుండగా పదికోట్ల యేండ్ల పగడము మొగ మెటున్నదని విచారించుట తీరికగలవారి వినోదము కాదా?' యని కొందఱడుగుదురు. క్వారీని మూయుమని నేననుట లేదు. ఇల్లు లేనివానికి సిమెంటు వలయును. కాని ఒక పొరను కొలిచి వ్రాయుటకు పట్టునది ఒకటి రెండు దినములు. ఆ పొర పేరుటకు పట్టినది వేలయేండ్లు. ఈ కొంచెపు కాలమును గూడ ఇయ్యనివాని తొందర పేదలమీది దయవలన కలిగినది కాదు. అదియునుగాక, ఏ పొర యెటు వాలియున్నదో, ఎచ్చట గుల్లబాఱియున్నదో వ్రాసినవాడు చెప్పినగాని సున్నపురాతి నేలలో బావి త్రవ్వువానికి నీరు తగులుట యదృష్టమే యగును. ఆనకట్ట కట్టువానికి నీరు నిలుచుట సందేహమే యగును. అబద్ధపు పుటకు చివరకు వెల యిచ్చువాడు ఎండిన బావి యొద్ద నిలిచిన రైతే.

రెండవ ఆక్షేపణ యింతకంటె గట్టిది. 'ఉన్నదున్నట్లు వ్రాయుట యెవరికిని సాధ్యము కాదు. గోడలో కోటి విషయములుండగా లేఖకుడు పది యేఱుకొనును. ఆ యేఱుటలోనే వాని యభిప్రాయము చొరబడును. కాబట్టి చూచినది, ఊహించినది యను భేదమే మిథ్య' యందురు. ఈ మాటలో సగము నిజము గలదు. ఏఱుకొనక తప్పదు. పగడములను వెదకువాడు ఇసుకరేణువును ఉపేక్షించును. కాని దీనినుండి వచ్చు నిర్ణయమేమి? ఏఱుట తప్పదు గనుక ఎట్లు వ్రాసినను నొకటే యనుటయా? అట్లయినచో మార్సీలి రేకులును, హిమాలయముల పేరు పెట్టిన మొరాకో శిలాజములును సమానమే కావలయును. అట్లని మతియున్నవాడు చెప్పడు. కావున ఏఱినవాడు తాను దేనికై యేఱెనో, ఎంత దూరము చూచెనో, ఏ భాగము మన్ను కప్పి కనబడలేదో అదియును వ్రాయవలయును. కప్పబడిన భాగమును ఖాళీగా విడిచి, ఇచ్చట కనబడలేదని వ్రాయుట మంచి లేఖకుల యాచారము. నిష్పక్షపాతము మనుష్యునికి పుట్టుకతో వచ్చిన గుణము కాదు. తన పక్షమేదియో చదువరికి దాపక చెప్పుటచే సాధింపదగిన గుణము.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. చూచువాడు లేనిచోట యథార్థము వ్రాయుటకు మనము ఎవరికి ఋణపడియున్నాము? రాతికి కాదు, దానికి మానావమానములు లేవు. జీతమిచ్చు ప్రభువునకు మాత్రమే కాదు. అతనికి కొన్ని వేళల అబద్ధమే లాభకరము కావచ్చును. కీర్తికి అసలే కాదు. కొలతలు వ్రాసినవాని పేరు లోకము తలపదు. మన తరువాత పుట్టి, మనకంటె నెక్కువ యెఱిగి, మన తప్పులను దిద్దువానికి మనము ఋణపడియున్నాము. అతడింకను పుట్టలేదు గనుక మనలను అడుగలేడు. మనము పోయియుందుము గనుక మనకు కృతజ్ఞత చెప్పలేడు. ఇచ్చుటయేగాని పుచ్చుకొనుట లేని ఋణమిది. సముద్రమున పగడపు జీవి తాను కట్టిన గదిపై తన తరువాతిది నిలుచునని యెఱుగకయే కట్టును. మనుష్యుడు ఎఱిగి కట్టును. అతని కున్న ధర్మమంతయు ఆ యెఱుకలో నున్నది.

శాస్త్రజ్ఞుల కొకటి, తక్కినవారి కొకటి యని సత్యమునకు రెండు నీతులు లేవు. గ్రామ లెక్కలు వ్రాయువాడును, రోగి సంగతి వ్రాసిపెట్టు వైద్యుడును, జనాభా లెక్కించుటకు ఇంటింటికి తిరుగువాడును, తాతల చరిత్ర పిల్లలకు చెప్పు ముసలివాడును సుత్తె పట్టని లేఖకులే. వారు చూచిన పొర మరల నెవరికిని కనబడదు. కనబడిన దింత, ఊహించిన దింత, తెలియని దింత యని మూడు గళ్లుగా వ్రాయు నభ్యాసము మనలో నెంతమందికి పట్టువడునో, అంతమేరకే మన తరువాతివారికి మనలను దిద్దగల యధికారము దక్కును. తన తప్పు పట్టువానికి సైతము ఉపకరించునట్లు వ్రాసినవాడే మంచి సాక్షి.